పొద్దు గూకని ఊళ్ళో శుక్రవారం సాయంత్రం ఎప్పుడొస్తుంది?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. వేసవిలో పొద్దు గూకని, చలికాలంలో పొద్దు పొడవని, ఉత్తర ధ్రువం వైపున్న ఊళ్ళలో యూదులు తమ విశ్రాంతి దినాన్ని (వాళ్ళ మాటలో షబ్బత్) ఎలా లెక్కపెట్టుకున్నారన్నది ఒకటి. ఎడారిలో పుట్టిన మతం వాళ్ళు ఆ మంచులోకి అసలెందుకు వెళ్ళారన్నది రెండోది. నేను నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో పద్నాలుగేళ్ళు ఉన్నాను. అక్కడి యూదు ప్రార్థనా మందిరం మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరం. దానిని చూసినప్పటినుంచీ ఈ చరిత్రను వదలకుండా చదువుతున్నాను. రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎవరు వెళ్ళారో తెలిస్తే ఏం చేశారో తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ఒక సవరణ. ఉత్తరానికి వెళ్ళినవాళ్ళు ఎడారినుంచి వెళ్ళలేదు. చాలామంది లిత్వేనియా, బెలారుస్, లాత్వియా ప్రాంతాల యూదులు. తరతరాలుగా మంచులో బతికినవాళ్ళే. గొర్రెతోలు కోటు, కట్టెల పొయ్యి, ఊరగాయ పెట్టిన క్యాబేజీ వాళ్ళకి పుట్టింటి సంగతులు. కాబట్టి చలి వాళ్ళకి పెద్ద కష్టం కాదు. అసలు కష్టాలు వేరే. ఒకటి రాజుగారి చట్టం, రెండోది వెలుతురు. మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, పదిమంది మనుషులు దొరక్కపోవడం. ఆ మూడో సంగతి చివర్లో చెబుతాను.

ఫిన్లాండ్ కథ చూడండి. ఆ రోజుల్లో అది రష్యా జార్ పాలనలో ఉండేది, యూదులు అక్కడ స్థిరపడటానికి వీల్లేదు. 1827లో జార్ నికొలస్ యూదులనీ సైన్యంలోకి తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. సేవ పాతికేళ్ళు. పన్నెండేళ్ళ పిల్లలనుంచే లెక్కలోకి తీసుకున్నారు. ఒక్కో యూదు సంఘం ఇంతమందిని అప్పజెప్పాలని కోటా పెట్టారు. కోటా నిండనప్పుడు సంఘం పెద్దలే మనుషులను పెట్టి పేదల పిల్లలను పట్టించేవారు, ఒక్కోసారి ఎనిమిది తొమ్మిదేళ్ళ పసివాళ్ళను కూడా. ఆ యూదుల భాష యిడ్డిష్‌లో అలా పట్టే మనుషులకి ‘ఖాపర్లు’ అని పేరు, అంటే పట్టుకుపోయేవాళ్ళు. ఆ పిల్లలను కాంటోనిస్టులు అన్నారు. వందల మైళ్ళు నడిపించి, సైనిక బడుల్లో వేసి, బాప్తిస్మం తీసుకోమని కొట్టేవారు. చాలామంది తీసుకున్నారు, చాలామంది దారిలోనే చనిపోయారు. 1856లో ఈ పిల్లల సైన్యం పద్ధతిని రద్దుచేశారు.

మతం వదలకుండా పాతికేళ్ళు పూర్తిచేసిన కొందరికి, చివరిగా కాపలా కాసిన ఊరు ఫిన్లాండ్‌లో ఉంటే, అక్కడే ఉండిపోవచ్చని 1858లో అనుమతి దొరికింది. హెల్సింకి యూదు సంఘం పుట్టుక అదే. ఎవరూ కోరి వెళ్ళిన చోటు కాదది. ఉండనిచ్చినా చేతులు కట్టేశారు. 1869 నిబంధన ప్రకారం వాళ్ళు అమ్ముకోగలిగినవి పాత బట్టలు, సొంతంగా చేసిన సామాన్లు, రొట్టె, పళ్ళలాంటి చిన్నచిన్న సరుకులే. పిల్లలు తల్లిదండ్రుల దగ్గర ఉండాలంటే పెళ్ళి చేసుకోకూడదు, సైన్యంలో చేరకూడదు. అలా పాత బట్టలమ్మిన బజారుకి రష్యన్ మాట ‘నా రింకే’ (బజారులో అని అర్థం) నుంచి ‘నరింక్క’ అని పేరు పడింది. పౌరహక్కులు వచ్చింది ఫిన్లాండ్ స్వతంత్రమైన తరువాత, 1918లో. అరవయ్యేళ్ళపాటు, అంటే రెండు తరాలు, వాళ్ళు ఆ దేశంలో ఉండీ లేనట్టే బతికారు.

నార్వే ఇంకా విచిత్రం. 1814లో రాసుకున్న రాజ్యాంగం ఆ కాలానికి ఎంతో ఉదారమైనదని పేరు. అందులోనే రెండో అధికరణంలో యూదులకి దేశంలో ప్రవేశం లేదని రాశారు. హెన్రిక్ వెర్గెలాన్ అనే కవి దానిమీద ప్రాణం పెట్టి పోరాడాడు. 1842లో, 1845లో, 1848లో పార్లమెంటులో మూడింట రెండొంతుల ఓట్లు పడలేదు. ఆయన 1845లోనే కన్నుమూశాడు, గెలుపు చూడలేదు. 1851లో నిషేధం పోయింది. అయినా తలుపు తెరవగానే జనం వచ్చి పడలేదు. 1880ల తరువాత, రష్యా సామ్రాజ్యంలో దాడులు, పేదరికం పెరిగాక, లిత్వేనియావైపునుంచి మూట భుజాన వేసుకున్న చిల్లర వర్తకులు వచ్చారు. పెద్ద ఊళ్ళలో అప్పటికే దుకాణాలుంటాయి. దుకాణం లేని చోటికి వెళ్తేనే మూటకి గిరాకీ. అలా ట్రోండ్‌హైమ్, అక్కడినుంచి ఆర్కిటిక్ వలయం దాటి ట్రోమ్సో దాకా కొన్ని కుటుంబాలు చేరాయి. ట్రోండ్‌హైమ్ సంఘం 1905లో ఏర్పడింది.

అలాస్కాకి తీసుకెళ్ళింది వ్యాపారం, బంగారం. అమెరికా ఆ నేలను రష్యానుంచి 1867లో కొన్నాక, శాన్‌ఫ్రాన్సిస్కో యూదు వర్తకులు లూయీ స్లాస్, లూయిస్ గెర్స్‌ల్ ముందునిలిచి నడిపిన అలాస్కా కమర్షియల్ కంపెనీ సీల్ తోళ్ళ వ్యాపారం చేసింది. 1898 నాటికి పక్కనే కెనడాలోని క్లొండైక్‌కి సాగిన బంగారపు పరుగులో గనివాళ్ళతోపాటు వాళ్ళకి పారలు, బూట్లు, పిండి అమ్మే యూదులూ వెళ్ళారు. వాళ్ళలో రాబర్ట్ బ్లూమ్ ఒకడు. లిత్వేనియాలో పుట్టి, ఐర్లండ్ మీదుగా వచ్చినవాడు. ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక వెలుతురు సంగతి. మాది తెనాలి దగ్గర. పక్కనే చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. వాళ్ళకి ఏడాది పొడవునా పొద్దు గూకేది సాయంత్రం ఐదున్నరకీ ఆరుముప్పావుకీ మధ్యే. పొద్దు గూకడానికి 18 నిమిషాల ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తే షబ్బత్ మొదలు. మర్నాడు మూడు చుక్కలు పొడిస్తే ముగింపు. మన అసుర సంధ్యలాగే పగలూ కాని రాత్రీ కాని ఆ మధ్య వేళ చాలా సున్నితమైనది, అందుకే రెండువైపులా కాస్త జాగ్రత్త కలుపుకుంటారు. మొత్తం ఇంచుమించు పాతిక గంటలు.

ఇదే లెక్క ట్రోండ్‌హైమ్‌కి తీసుకెళ్ళండి. డిసెంబరు చివర్లో అక్కడ పొద్దు పొడిచేది పదింటికి, గూకేది మధ్యాహ్నం రెండున్నరకి. అంటే శుక్రవారం రెండుంబావుకే దీపాలు పెట్టాలి. దుకాణదారుడైతే ఒంటిగంటకే తలుపులు మూయాలి, అదీ క్రిస్మస్ ముందు గిరాకీ జోరుగా ఉండే వారాల్లో. పొద్దున ప్రార్థనకీ ఇబ్బందే. దానికి తెల్లవారాలి, కానీ ఎనిమిదింటికి పని మొదలయ్యేసరికి బయట ఇంకా చీకటే. సంక్రాంతికి అక్కడ మేం తొమ్మిదింటికి భోగి మంట వేసినా అది తెల్లవారకముందు వేసినట్టే లెక్క, కాబట్టి ఆ చిక్కు నాకు తెలుసు.

జూన్‌లో తలకిందులు. పొద్దు గూకేది రాత్రి పదకొండున్నర దాటాక. పసిపిల్లలున్న ఇంట్లో ఆ వేళకి షబ్బత్ భోజనానికి ఎవరు కూర్చుంటారు? దీనికి ధర్మశాస్త్రంలోనే దారి ఉంది. పొద్దు గూకడానికి ముందు ‘ప్లాగ్ హమిన్హా’ అనే ఒక వేళ ఉంది. పగటిని పన్నెండు భాగాలు చేస్తే చివరి ఒకటింబావు భాగం మొదలయ్యే క్షణం అది. అప్పటినుంచే షబ్బత్‌ను ఆహ్వానించవచ్చు. పగలు ఎంత పొడవైతే ఆ భాగమూ అంత పొడవు, కాబట్టి ఉత్తరాన ఈ వెసులుబాటు ఇంకా పెద్దదవుతుంది. ఉత్తర ఐరోపాలో చాలా సంఘాలు వేసవిలో ఇలా ముందుగానే మొదలుపెట్టేస్తాయి. ముగింపే కష్టం. ఆ రోజుల్లో ట్రోండ్‌హైమ్ ఆకాశంలో చుక్కే కనపడదు. సూర్యుడు అంచు కిందికి కాస్త జారి మళ్ళీ లేస్తాడు. చుక్కలు రాని చోట సూర్యుడు అట్టడుగుకి చేరిన నడిరేయిని గురుతుగా పట్టుకోవచ్చని కొందరు రబ్బీలు (యూదు మతగురువులు) చెప్పారు. ట్రోండ్‌హైమ్‌లో అది గడియారంలో ఒంటిగంటా ఇరవై.

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో మరీ చిత్రం. అక్కడ గడియారం సూర్యుడికన్నా చాలా ముందుంటుంది. జూన్ చివర్లో శుక్రవారపు పొద్దు గూకేది అర్ధరాత్రి దాటి 12:47కి, అంటే క్యాలెండర్‌లో శనివారం వచ్చేశాక.

ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాయి. ఆర్కిటిక్ వలయం దాటాక మాత్రం సర్దుబాటు చాలదు. ట్రోమ్సోలో మే 20 ప్రాంతంనుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు, నవంబరు చివరినుంచి జనవరి మధ్యదాకా ఉదయించడు. సాయంత్రమే లేనప్పుడు శుక్రవారం సాయంత్రం ఎక్కడిది?

ఈ ప్రశ్నను రబ్బీలు చాలా ముందే ఎదుర్కొన్నారు. 18వ శతాబ్దంలో రబ్బీ యాకోబ్ ఎమ్డెన్ దీనిమీద రాశాడు. అలాంటి చోట ఇరవైనాలుగు గంటలను ఒక రోజుగా లెక్కపెట్టి, ఏడో రోజును పాటించాలన్నాడు. ఎడారిలో దారి తప్పి ఏ వారమో మరిచిపోయిన బాటసారి గురించి యూదుల ధర్మచర్చల గ్రంథం తల్ముద్‌లో ఒక చర్చ ఉంది, దానిని ఆయన ఆసరా చేసుకున్నాడు. ఆ చర్చ నాకు చాలా ఇష్టం. ఆరు రోజులు లెక్కపెట్టి ఏడోది పాటించమన్నాడు రబ్ హునా. ముందు ఒకటి పాటించి తరువాత ఆరు లెక్కపెట్టమన్నాడు హియా బర్ రబ్. మొదటిది లోకం పుట్టిన క్రమం, రెండోది ఆరో రోజున పుట్టిన ఆదాముకి కనబడిన క్రమం. ఆ బాటసారి అన్ని రోజులూ ప్రాణం నిలవడానికి కావలసినంతే పని చేయాలి, ఎందుకంటే ఏ రోజైనా నిజమైన షబ్బత్ కావచ్చు. తాను లెక్కగట్టిన ఏడో రోజున ద్రాక్షరసంమీద దీవెన చెప్పుకుంటే చాలు, ఆ రోజు వేరుగా నిలబడుతుంది.

ఆ తరువాతి శతాబ్దంలో డాన్‌జిగ్ (ఇప్పుడు పోలండ్‌లోని గ్దాన్‌స్క్) రబ్బీ ఇస్రాయెల్ లిప్‌షిట్జ్ మరో అడుగు వేశాడు. తిమింగలాల వేటకి ఉత్తర సముద్రాలకి వెళ్ళే ఓడల్లో ఉన్న యూదుల మాట ఎత్తి మరీ రాశాడాయన. అక్కడ సూర్యుడు అస్తమించకపోయినా ఆకాశంలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు, ఒక్క చుట్టు ఒక్క రోజు. ఆ చుట్టులో రాత్రి ఎక్కడ మొదలైందో తెలియదు కాబట్టి, ఓడ ఏ ఊరినుంచి బయల్దేరిందో ఆ ఊరి వేళలనే పాటించమన్నాడు. ఎమ్డెన్ ఉన్న, జర్మనీలో హాంబర్గ్ పక్కని ఆల్టోనా, లిప్‌షిట్జ్ ఉన్న డాన్‌జిగ్, రెండూ రేవు పట్టణాలే. ఆల్టోనానుంచి ఉత్తరానికి వేట ఓడలు వెళ్ళేవి. ఇది గదిలో కూర్చుని ఊహించిన చిక్కుముడి కాదని, రేవు గాలి తగిలే పుట్టిందని నా నమ్మకం.

ఈ తీర్పు ఎంత దూరం వెళ్ళిందంటే, 2003లో ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ కొలంబియా అనే వ్యోమనౌకలో వెళ్ళినప్పుడు, గంటన్నరకోసారి పొద్దు పొడిచి గూకే ఆ కక్ష్యలో, షబ్బత్‌కి ఓడ బయల్దేరిన కేప్ కెనావరల్ వేళనే పెట్టుకున్నాడు. మన కల్పనా చావ్లా కూడా ఆ నౌకలోనే ఉంది. ఇద్దరూ తిరిగి రాలేదు.

పండుగల సంగతి కొంచెం చెప్పాలి. అన్నిటికన్నా కఠినమైన ఉపవాసం యోమ్ కిప్పుర్‌కి ఉత్తరాన పెద్దగా ఇబ్బంది లేదు. అది సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది, అప్పుడు పగలూ రాత్రీ భూమ్మీద ఎక్కడైనా దాదాపు సమానం. రాత్రంతా మేలుకుని తోరా (యూదుల మూల గ్రంథం) చదివే షావువోత్ మే, జూన్‌లలో వస్తుంది, ఉత్తరాన ఆ రాత్రి కొద్ది గంటలే ఉంటుంది. పర్ణశాలల పండుగ సుక్కోత్‌కి దబ్బజాతి పండు ఎత్రోగ్, ఖర్జూరపు మొవ్వ, గొంజిచెట్టు రెమ్మలు, నీటిగన్నేరులాంటి విల్లో కొమ్మలు కావాలి. నాలుగింటిలో మంచుదేశంలో పెరిగేది విల్లో ఒక్కటే. మిగిలినవి దక్షిణంనుంచి ఓడలో రావాలి. పర్ణశాలలో కూర్చోవడం చలికి బాధగా ఉంటే ఇంట్లోకి వెళ్ళిపోవచ్చని శాస్త్రమే ఒప్పుకుంటుంది. డిసెంబరులో వచ్చే దీపాల పండుగ హనుక్కా మాత్రం ఆ చీకటికోసమే పుట్టినట్టుంటుంది. కిటికీలో ఎనిమిది దీపాలు, బయట మంచు, మధ్యాహ్నం మూడింటికే ముసురుకునే చీకటి. అది చూసిన కన్ను మరిచిపోదు.

తిండి గురించి అందరూ అడుగుతారు. సముద్రం వాళ్ళను కాపాడింది. రెక్కలు, పొలుసులు రెండూ ఉన్న చేప తినవచ్చు. సాల్మన్, కాడ్, హెర్రింగ్ అన్నీ పనికొస్తాయి. ఉప్పు హెర్రింగ్ అయితే లిత్వేనియా యూదుడికి అమ్మమ్మ చేతి వంట. ఉత్తరాది వాళ్ళు ఇష్టంగా తినే రొయ్యలు, పీతలు, సీల్, తిమింగలం పనికిరావు. రెయిన్‌డీర్ మాత్రం డెక్క చీలింది, నెమరు వేస్తుంది, కాబట్టి తినదగినదే. శాస్త్రప్రకారం కోసే మనిషి ఉండాలి, అంతే. అక్కడే చట్టం మళ్ళీ అడ్డొచ్చింది. ముందు స్పృహ తప్పించకుండా పశువును కోయకూడదని నార్వే 1929లో చట్టం చేసింది, 1930నుంచి అమలు. యూదుల పద్ధతిలో అలా స్పృహ తప్పించడం కుదరదు. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. చలి ఏ రోజూ వాళ్ళ పళ్ళెంలోంచి మాంసం తీసేయలేదు, పార్లమెంటు తీసేసింది. ద్రాక్షరసం దొరక్కపోతే ఎండుద్రాక్ష నానబెట్టి రసం తీసుకోవడం పాత అలవాటే.

ఇక నేను చివరికి దాచిన సంగతి. యూదుల సామూహిక ప్రార్థనకి పదిమంది కావాలి. దానిని మిన్యాన్ అంటారు. సంప్రదాయంలో పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళు పదిమంది. తొమ్మిదిమంది మహా పండితులున్నా చాలదు, పదిమంది మామూలు వర్తకులు చాలు. చనిపోయిన తండ్రికోసం చెప్పే కద్దిష్ ప్రార్థనకి ఆ పదిమంది ఉండాలి, తోరా చుట్ట విప్పి చదవాలన్నా ఉండాలి. పిండికీ కట్టెలకీ ప్రత్యామ్నాయం దొరుకుతుంది, చివరికి సూర్యుడికి బదులు గడియారం పెట్టుకోవచ్చు. పదో మనిషికి ప్రత్యామ్నాయం లేదు. ఉత్తరాది యూదుల చరిత్ర చదివేటప్పుడు ఏ ఊరు నిలిచింది, ఏది చెదిరిపోయింది అని చూస్తే, నాకు ప్రతిసారీ ఈ లెక్కే కనబడింది.

రాబర్ట్ బ్లూమ్ 1908లో ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఒక సంఘం పెట్టాడు. దానికి పెట్టిన పేరు బికుర్ హోలిమ్, అంటే రోగులను పలకరించడం. ఆ పేరులోనే ఊరంతా కనబడుతుంది. గని ఊరు, చుట్టాలు లేని ఒంటరి మగవాళ్ళు, జ్వరం వస్తే నీళ్ళిచ్చే దిక్కు లేదు. గుడికన్నా ముందు అది కావలసి వచ్చింది. తరువాత ఆయన భార్య జెస్సీ డబ్లిన్‌నుంచి 1912లో వచ్చింది. ఊళ్ళో చిన్నపిల్లల బడి పెట్టింది, 1925లో అలాస్కాలో మొదటి గర్ల్ స్కౌట్ దళాన్ని నడిపింది. ప్రార్థనలకి వాళ్ళ ఇల్లే మందిరం. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి విమానస్థావరానికి వచ్చిన యూదు సైనికులకి కూడా ఆ ఇల్లే దిక్కయింది. పక్కన కెనడాలోని డాసన్ సిటీలో అలాంటి ఇల్లు మిగల్లేదు. బంగారం తగ్గింది, జనం వెళ్ళిపోయారు, మిగిలింది చిన్న శ్మశానం. బేత్ హయీమ్, అంటే జీవుల ఇల్లు అని యూదులు శ్మశానానికి పెట్టుకున్న పేరు. అదీ పొదల్లో కలిసిపోతే 1998లో వెతికి బాగుచేశారు.

ఐస్‌లాండ్‌లో 1940లో యోమ్ కిప్పుర్ ప్రార్థన జరిగింది, బ్రిటిష్ సైన్యంతో వచ్చిన యూదు సైనికులు, జర్మనీనుంచి తప్పించుకున్న శరణార్థులు కలిసి చేసుకున్నారు. ఆ దేశం క్రైస్తవం తీసుకున్నాక తొమ్మిది శతాబ్దాలకి పైగా జరిగిన మొదటి క్రైస్తవేతర ప్రార్థన అదేనని చెబుతారు. అక్కడ పదిమందిని సమకూర్చింది యుద్ధం. లిత్వేనియాను ఆక్రమించిన సోవియట్ చేతిలో అయితే జర్మన్ దాడికి ముందే మరో రకం ప్రయాణం జరిగింది. 1941 జూన్ 14న లిత్వేనియానుంచి వేలమందిని, వాళ్ళలో చాలామంది యూదులను, రైళ్ళలో సైబీరియాకి పంపారు. మరుసటేడు కొందరిని లాప్తెవ్ సముద్రపు ఒడ్డుకి చేపలు పట్టడానికి తోలారు. చలికీ ఆకలికీ స్కర్వీ జబ్బుకీ ఎందరో పోయారు. ఇటు, 1941లో ఆ రైళ్ళు కదిలిన వారానికే జర్మన్లు లిత్వేనియాలోకి దిగారు, ఊళ్ళో మిగిలిన యూదుల్లో దాదాపు అందరినీ చంపేశారు. ఆ మంచు ఒడ్డున బతికి బయటపడ్డవాడు తన శిక్షే తనను కాపాడిందని తెలుసుకుని బతకాల్సి వచ్చింది. దానిని ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకలేదు.

ట్రోండ్‌హైమ్‌కి తిరిగొస్తాను. 1925లో అక్కడి సంఘం ఊరి పాత రైల్వే స్టేషన్ భవనాన్ని తీసుకుని ప్రార్థనా మందిరం చేసుకుంది. ప్రపంచంలో మరీ ఉత్తరాన ఉన్న మందిరాల్లో అదొకటి. 1941 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం దానిని లాక్కుంది. తోరా చుట్టలను మెథడిస్టు క్రైస్తవుల చర్చిలో దాచి కాపాడారు. సిస్సీ క్లైన్ అనే పదమూడేళ్ళ పిల్లను 1942 అక్టోబరు 6న బడిలో ఉండగా పోలీసులు వచ్చి తీసుకుపోయారు. 1943 మార్చి 3న నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆ ఊళ్ళో ఇప్పుడు ఆ పిల్ల విగ్రహం ఉంది, బెంచీమీద కూర్చున్నట్టు. నార్వేనుంచి తరలించిన యూదులు 770 మందికి పైగా, తిరిగి వచ్చినవాళ్ళు నలభై మంది కూడా లేరు. కొండలు దాటి స్వీడన్‌లోకి పారిపోయినవాళ్ళే మిగిలారు. ట్రోమ్సోలో 17 మందికి స్మారక శిల ఉంది. అక్కడి సంఘం మళ్ళీ లేవలేదు. ట్రోండ్‌హైమ్‌లో పదిమంది మిగిలారు, అందుకే 1947లో ఆ మందిరం తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి.

మీరు ఎప్పుడైనా అటు వెళ్తే, ఆ భవనంలోనే యూదు మ్యూజియం ఉంది, తెరిచే వేళలు కనుక్కుని వెళ్ళండి. హెల్సింకిలో దిగితే కంపీ మెట్రో స్టేషన్‌నుంచి బయటికి రాగానే విశాలమైన కూడలి వస్తుంది. బోర్డుమీద ‘నరింక్కతోరి’ అని ఉంటుంది. కాంటోనిస్టుల పిల్లలు పాత కోట్లు అమ్ముకున్న బజారు పేరే అది.